నిరవంజి చెట్టు దించిన కంజిర

తెల్లారి నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు బిందె దింపకముందే మిషను బావి దగ్గరి నిరవంజి చెట్టును చూసేవాళ్లు. అది ఎవరింటి వైపు వంగి ఉంటే ఆ ఇంట్లో ఎవరికో మనసు బాగాలేదని లెక్క. పోయి ఒక మాట పలకరించి వచ్చాకే చేంతాడు వేసేవాళ్లు. గండికోటకు దిగువన, పెన్న ఒడ్డునున్న ఆ పేటలో దీన్ని ఎవరూ వింతగా అనుకోలేదు. ఆవు అరిస్తే దాహమని తెలుసుకోమా, ఇదీ అంతే.

చెట్టు నాటింది మిషను డాక్టరు దొరసాని. తమ భాషలో దీన్ని విల్లో అంటారనీ, వంగడం, మెలి తిరగడం అనే అర్థమున్న పాతకాలపు మాటలోంచి ఆ పేరు పుట్టిందనీ ఆమె చెప్పింది. "పేరు పెట్టినోళ్లు దీన్ని చూసే పెట్టినారులే" అని పేటకు పెద్దదిక్కయిన విశ్వాసమ్మ తేల్చేసింది. విశ్వాసమ్మ తేల్చినదాన్ని పాదిరి కూడా తిరగదోడడు.

బబులోను నదుల దగ్గర ఏడ్చినవాళ్లు తమ వాద్యాలను నిరవంజి కొమ్మలకు తగిలించారని ప్రసంగంలో విన్నప్పటి నుంచి పేటలో ఒక ఆచారం పడింది. చావు జరిగిన ఇంట్లో వాద్యముంటే అది చెట్టెక్కేది. దుఃఖం తీరాక చెట్టే కొమ్మ వంచి తిరిగిచ్చేది. అంతదాకా దాన్ని ఎవరూ ముట్టరు.

పెద్ద జ్వరాల యేడు విశ్వాసమ్మ తమ్ముడు దాసన్న భార్య రాహేలమ్మ పోయింది. దాసన్న తన ఉడుము తోలు కంజిరను కొమ్మకు తగిలించాడు. పెళ్లిళ్లలో, పండగల్లో పాటెత్తి కంజిర వాయించడమే అతని బతుకు, ఇంకో పని చేతకాదు. వానలు వచ్చి పోయాయి. చెట్టు అతని ఇంటి వైపే వంగి ఉండేది గానీ కంజిర దించలేదు.

పేటంతా వచ్చి దాసన్నను ఓదార్చి పోయేది. కూతురు ప్రేమమ్మ వాళ్లకు పీట వేసి, నీళ్లిచ్చి, పొయ్యి దగ్గరికి పోయేది. అమ్మను పూడ్చిన మర్నాడే రాగి సంకటి కెలికిన పిల్ల. గట్టి పిల్లని అందరూ మెచ్చుకున్నారు.

చివరికి దాసన్న కోలారు బంగారు గనులకు మనుషుల్ని తోలుకుపోయే మేస్త్రీకి మాటిచ్చాడు. ప్రేమమ్మను కడపలో మిషను బోర్డింగులో వదలాలి. కోలారు పోయినవాళ్లు దగ్గుతో తిరిగి రావడమూ, అసలు రాకపోవడమూ పేటకు తెలుసు.

"చెట్టు ఇయ్యల్యా అక్కా. ఈడుండి ఏం తినేది?" అన్నాడు దాసన్న.

ముద్దనూరు స్టేషనుకు బండి కట్టిన పొద్దున అతను మరోసారి చెట్టు కింద నిలబడ్డాడు. ఆకు కదల్లేదు. పోయి బండెక్కి కూర్చున్నాడు. నాయనకు దారిలో తాగడానికి నీళ్లు పట్టాలని ప్రేమమ్మ ముంత తీసుకుని బావికి వచ్చింది. అక్కడున్న విశ్వాసమ్మ ఆ పిల్ల మొహం చూసి, ఇన్నాళ్లూ ఎవరూ అడగని మాట అడిగింది.

"నీకెట్లుండాది మ్మే?"

ప్రేమమ్మ చేతిలోంచి ముంత జారింది. "అమ్మ గావాల అత్తా" అంటూ మట్టిలో కూలబడి చంటిపిల్ల మాదిరి ఏడ్చింది. చెట్టు చూపించిన ఇంటికి అందరూ పోయారు, ఆ ఇంట్లో ఇద్దరున్నారని ఒక్కరికీ తట్టలేదు. మేనకోడలిని ఒళ్లోకి లాక్కుని విశ్వాసమ్మ కూడా ఏడ్చింది.

ఏడుపు తగ్గేసరికి కొమ్మ కిందికి దిగి ఉంది, కంజిర ప్రేమమ్మ మోకాళ్ల మీద ఉంది.

ఆడపిల్ల కంజిర వాయించడం పేటలో లేదు. తెచ్చి నాయన చేతికివ్వడం పద్ధతి. ప్రేమమ్మకు పద్ధతి గుర్తు రాలేదు. రాహేలమ్మ రాగులు విసురుతూ పాడుకునే పాటకు దరువేసింది. తాళం తప్పింది, మళ్లీ అందుకుంది.

దాసన్న బండి దిగి వచ్చాడు. కూతురి పక్కన మట్టిలో కూర్చుని చాలాసేపు విన్నాడు. మేస్త్రీ పిలిచి పిలిచి విసుక్కుని, మిగిలినవాళ్లతో బండి తోలించుకుపోయాడు.

"ఎడమ చేత్తో తోలు నొక్కు పాపా" అన్నాడు దాసన్న, కళ్లు తుడుచుకుంటూ. "నేను పాట ఎత్తుకుంటా."