మా అమ్మ పిడికిలి, నా పిడికిలి

మా అమ్మ అరుణమ్మ అన్నం వండే ముందు, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంది. నెల మొదటి ఆదివారం ఆ డబ్బా చర్చికి పోతుంది. భూకంపం వచ్చి కొత్తపేట మొత్తం మూసీలో పడిపోయినా, ఆమె మాత్రం ఆ పిడికెడు తీసిపెట్టి మరీ పడుతుంది.

ఆ నెల మాత్రం ఇంట్లో బియ్యానికే దిక్కులేదు. తెలంగాణ కోసం సమ్మె. మా నాన్న మట్టయ్య ఆర్టీసీ కండక్టరు. బస్సులు దిల్‌సుఖ్‌నగర్ డిపో దాటక రెండు వారాలైంది. జీతం ఆగిపోయింది. నాన్న రోజూ ఎల్బీ నగర్ చౌరస్తాలో టెంటు కింద కూర్చుని, రోడ్డు మీద వండిన పులిహోర తిని, నినాదాలతో గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. ఇంట్లో అమ్మా నేనూ గంజిలో మెతుకులు వెతుక్కునేవాళ్లం. దొరికిన మెతుక్కి నేను పేరు కూడా పెట్టుకునేవాణ్ని.

"అమ్మా, గీ ఒక్క నెల ఆపరాదే. సమ్మె సంగతి దేవునికి తెల్వదా?" అన్నాను.

"ఆకలైతే నా పళ్లెంలది తిను. ఆయన పిడికెడు ముట్టకు."

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం? ఆమె డబ్బాలో వేసి అటు తిరగ్గానే, నేను ఒక పిడికెడు తీసి మళ్లీ ఇంటి బియ్యం బస్తాలో పోసేవాణ్ని. పూటకు ఒకటి. ఆమె పిడికిలి చిన్నది, నాది పెద్దది. పది రోజుల్లో దేవుడి డబ్బా అడుగు కనబడింది. అమ్మ కంటపడకుండా అడుగున ఒక స్టీలు గిన్నె బోర్లించి, పైన బియ్యం పరిచాను. డబ్బా నిండుగా, భక్తిగా కనబడింది.

అక్కడే నా ఖర్మ కాలింది. ఒకరోజు అమ్మ బస్తాలో చెయ్యి పెట్టి అలాగే నిలబడిపోయింది.

"అభిలాషూ, జర చూడు. వారం కిందనే ఒడవాలె గీ బియ్యం. ఒడుస్తలేవు. దేవుని పని రా!"

"ఎలుకలు తింటలేవేమో."

"ఎలుకలు తినకుంటే బియ్యం పెరుగుతయా, బేకూఫ్?"

దొంగను నేను, పేరు దేవుడికి. చెబితే తంతుంది. చెప్పకపోతే ఊరంతా చాటుతుంది. చాటింది.

ఎల్బీ నగర్‌లో టైర్ల దుకాణం మీది హాలే మా చర్చి. ఆదివారం అమ్మ మైకు పట్టుకుని బియ్యం తరగని సాక్ష్యం చెప్పింది. అబద్ధం రాని మనిషి కాబట్టి చూసింది చూసినట్టే చెప్పింది. వచ్చిన చిక్కే అది. వెనక వరసల నుంచి హల్లెలూయాలు. సూర్యప్రభ ఆంటీ అయితే కళ్లు తుడుచుకుంది. ఆమెది గుంటూరు వైపు. బందుల వల్ల వాళ్లాయన కోచింగ్ సెంటరు మూతపడినా, సమ్మె ఇళ్లకని సన్నబియ్యం మూట మోసుకొచ్చింది.

ఆ నెల బియ్యమంతా సమ్మెలో ఉన్నవాళ్ల ఇళ్లకే పంచాలని భిక్షపతి పాస్టరుగారు ముందే చెప్పారు. డబ్బాలన్నీ ఒక్కొక్కటిగా దుప్పటి మీద బోర్లిస్తున్నారు. మా డబ్బా వంతు వచ్చింది. కాసిని బియ్యం, వాటి వెనకే గిన్నె. ఖంగుమంది. కింద టైర్లకు గాలి కొట్టడం కూడా ఆగిపోయింది.

పాస్టరుగారు గిన్నె తిప్పి, దాని మీద చెక్కిన పేర్లు చదివారు. "మట్టయ్య, అరుణమ్మ. పెళ్లి కానుక." "చూసిన్రా! బియ్యమే గాదు, పెండ్లి గిన్నె సుత ఇచ్చింది గీ తల్లి!"

"అరుణగారూ, మీరు మామూలు మనిషి కాదండీ," అంది సూర్యప్రభ ఆంటీ.

అమ్మ లేచింది. "నేను పెట్టలే అయ్యగారూ. మా పోరడు పెట్టిండేమో."

"నీ కొడుకా! గీ వయసుల గింత త్యాగమా! రా బిడ్డా, సాక్ష్యం చెప్పు," అని ఆయన మైకు నా చేతికిచ్చారు.

నేనే చచ్చిపోయానని చెప్పి కాలేజీకి రెండుసార్లు సెలవు పెట్టినవాణ్ని. ఆ మైకులో ఒక అబద్ధం నాకో లెక్కా? కానీ అమ్మ ఖాళీ డబ్బా ఒళ్లో పెట్టుకుని లోపలికి చూస్తోంది. నెల రోజుల తన పిడికిళ్లు ఎటు పోయాయా అని వెతుకుతోంది.

"త్యాగం గాదు అయ్యగారూ. డబ్బాలయి తీసి మా బస్తాల పోసిన. నిండుగ కనబడాలని గిన్నె పెట్టిన. మా బియ్యం అందుకే ఒడువలే."

పాస్టరుగారు గిన్నె నా చేతిలో పెట్టారు. "గిదే కొలత. ఇంటికి నాలుగు. నువ్వే పొయ్యి."

పద్దెనిమిది ఇళ్లకు పోశాను. చివరన అమ్మ సంచి పట్టుకుని వచ్చింది. కుప్పగా పోయబోతే, చేత్తో గిన్నె అంచుకు సమంగా గీసి మిగిలింది దుప్పటి మీదికి తోసేసింది.

బస్సుల్లేవు కాబట్టి నడిచాం. కొత్తపేట రైతుబజారు దగ్గర నేనే ఆగలేకపోయాను. "తిట్టు. తన్ను. సాక్ష్యం తప్పయిందని ఏడువు. మూగదానోలె ఉండకు."

"ఎందుకు తప్పయితది? పుట్టిన సంది నువ్వు నా చెవుల సుత నిజం చెప్పలే. ఇయ్యాల నూరు మంది ముంగట చెప్పినవ్. గిది దేవుని పని గాకుంటే ఏంది?"

"మరి బియ్యం?"

"అది దొంగతనం. దానికి ఇంటికి పోయినంక తంత."

ఇంటికి వచ్చాం. తన్నింది. తరవాత స్టవ్వు వెలిగించి, తెచ్చిన బియ్యం చేటలో పోసి, దేవుడి డబ్బా నా ముందు పెట్టింది.

"ఇయ్యాల్టి సంది నువ్వెయ్యి. నీ పిడికిలి పెద్దది."

ఆమె చూస్తుండగా బియ్యంలో చెయ్యి పెట్టాను. ఎంత బిగించినా నా పిడికిలి చిన్నది కాలేదు.