ఎనభై అని రాసిన మూడు కార్డులు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నేను రాసిన కార్డును నమ్మి పనిచేసే మనిషికి కన్ను పోతుందని. పాలు చాలవేమోనన్న భయం ఉంది, పాప నిద్రలో ఊపిరి తీస్తోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే జబ్బూ ఉంది. అవన్నీ మా అత్తగారు నాలుగు తిట్లు తిడితే పోతాయి. ఇది పోవడం లేదు.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. మా అమ్మ తమ్ముడు, అంటే మావయ్య, మిల్లింగ్ మిషన్లు తయారుచేసే చోట వాటిని పరీక్షించేవాడు. మొదట నన్ను మిషన్లు తుడిచే పనిలో పెట్టించి, తర్వాత తన పక్కనే నిలబెట్టుకున్నాడు. గిర్రున తిరిగే కట్టర్‌తో ఇనుప దిమ్మను చెక్కే మిషన్ అది. ఎంత గట్టి మిషనైనా ఏదో ఒక వేగం దగ్గర వణుకుతుంది. వణుకు మొదలైతే కట్టర్ అరుస్తుంది, ఇనుము మీద చేప పొలుసుల్లాంటి మచ్చలు పడతాయి. అప్పుడూ ఆపకపోతే కట్టర్ విరిగి ముక్క ఎగురుతుంది. ఏ వేగంలో ఎంత లోతు వరకు వణకకుండా కోస్తుందో కనిపెట్టి, కార్డు రాసి మిషన్‌కు కట్టడమే మా పని.

కట్టర్ కొసకు గోరంత సెన్సర్‌ను మైనంతో అంటిస్తాం. చిన్న సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే, ఎక్కడ వణుకుతుందో చూపే గీత కంప్యూటర్లో వస్తుంది. మొదట్లో నా చెయ్యి బరువుగా పడేది.

"పోలీసులా బాదకే. పక్కింటికి పంచదారకి వెళ్ళినట్టు తట్టాలి" అనేవాడు మావయ్య.

ఆయనకు ఒక అలవాటు ఉంది. కట్టర్‌ను హోల్డర్‌లో బిగించేటప్పుడు ఎంత బయటికి ఉండాలో స్కేలుతో చూడడు. నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించి "ఇదీ ఎనభై" అంటాడు. ఎనభై మిల్లీమీటర్లన్నమాట. ఒకసారి ఇంజనీరు నమ్మక స్కేలు పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా రాలేదు. నాకూ అలాగే నేర్పాడు. ఎప్పుడూ ఆయన బిగించేవాడు, నేను కార్డు రాసేదాన్ని.

నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా మావయ్యకు నడుం పట్టేసి మూడు వారాలు మంచం దిగలేదు. ఆ మూడు వారాల్లో మూడు మిషన్లు నేనొక్కదాన్నే పరీక్షించాను. నాలుగు వేళ్ళు పెట్టి బిగించాను, కార్డు మీద ఎనభై అని రాశాను. మూడూ వెన్నలో కత్తి దిగినట్టు కోశాయి.

"నువ్వు చేసినప్పటికన్నా లోతుగా పోతున్నాయి మావయ్యా" అని ఫోన్లో గొప్పలు కూడా పోయాను.

"నీ చెయ్యి మంచిదే. ఇంక నేను మంచం దిగనక్కర్లేదు" అని మురిసిపోయాడు.

పాప పుట్టిన ఇరవయ్యో రోజున, నడుముకి బెల్టు కట్టుకుని చూడ్డానికొచ్చాడు. పాపను ఒళ్ళో వేసుకుని పాదం కింద నాలుగు వేళ్ళూ ఆనించాడు.

"నాలుగు వేళ్ళు కూడా లేదు. ఈ పాదంతో ఏం నడుస్తారమ్మా తమరు?"

"తక్కువ చేసి మాట్లాడకు. నాలుగు వేళ్ళకి మించే ఉంది. నిన్ననే చూశాను."

"ఏడిశావ్. నువ్వే చూడు."

చూశాను. పాదం ఆయన చూపుడువేలు దాటలేదు. నా వేళ్ళు పెట్టాను. పాప బొటనవేలు మొత్తం బయటికొచ్చింది. ఇద్దరం నవ్వబోయి ఆగిపోయాం.

"ఏంటలా మొహాలు చూసుకుంటారు? పాదం చిన్నదైతే పెరగదా?" అంది మా అత్తగారు.

ఆవిడ కుట్టుపని టేపు అడిగి తీసుకున్నాను. మావయ్య వేళ్ళు ఎనభై. నావి అరవై ఆరు.

కట్టర్ పొట్టిగా బయటికుంటే గట్టిగా నిలబడుతుంది. అందుకే అంత లోతు కోసింది. కార్డును నమ్మి నిజంగా ఎనభై బయటికి పెట్టి, అదే వేగంలో అదే లోతు దింపితే అరుస్తుంది, విరుగుతుంది.

"తప్పు నాదే" అన్నాడు మావయ్య. "పని నేర్పాను గానీ, నీ చేతులు నీవని చూసుకోలేదు. ఏడవకు. నువ్వేడిస్తే అదీ ఏడుస్తుంది, ఇద్దర్ని ఎత్తుకునే నడుం కాదిది."

అప్పటికప్పుడు ఇంజనీరుకు ఫోన్లో చెప్పి, ఆ మూడు మిషన్లూ కొన్నవాళ్ళ నంబర్లు తీసుకున్నాడు. మొదటి మిషన్‌కు ఇంకా కరెంటే ఇవ్వలేదు. మేం చెప్పగానే కార్డు తీసేశారు. రెండోచోట ఆపరేటరే ఫోనెత్తాడు.

"ఆ కార్డు నువ్వు రాసిందేనా తల్లీ? మొదటిరోజే గోలగోల పెట్టింది. సగం లోతుకి తగ్గించి నడుపుకుంటున్నా. రాసినవాడు దొరికితే చెవి మెలేద్దామనుకున్నా."

"మెలెయ్యండి బాబాయ్, ఏమీ అనుకోను."

"ముందు ఆ ఏడ్చే పిల్లని చూసుకోవమ్మా" అని నవ్వి పెట్టేశాడు.

మూడో నంబరు పలకలేదు. నాలుగు రోజులు చూసి, నేను వద్దంటున్నా వినకుండా, మావయ్య ఆ నడుముతోనే రెండు బస్సులు మారి వెళ్ళాడు. షెడ్డుకు తాళం వేసి ఉంది. పక్కన వెల్డింగ్ చేసే ఆయన చెప్పాడట, మిషన్‌ను వేరే వాళ్ళకు అమ్మేశారనీ, లారీ ఎక్కించి తీసుకెళ్ళారనీ, దాన్ని నడిపే మనిషి కూడా ఆ లారీలోనే వెళ్ళాడనీ. ఏ ఊరో ఆయనకు తెలియదు. ఇంజనీరు ఇంకా వెతికిస్తూనే ఉన్నాడు.

"ఆ మనిషికి చెవులు వినబడవట" అన్నాడు మావయ్య, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుని. "మొహం దగ్గరగా పెట్టి, కంటితో చూసుకుంటూ కోస్తాడట."

రెండో ఆయనకు అరుపు వినబడింది, ఆపుకున్నాడు. ఈయనకు వినబడదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మీ పక్కన ఏదైనా షెడ్డులోకి ఈమధ్య ఆకుపచ్చ రంగు మిల్లింగ్ మిషన్ వచ్చిందేమో చూడండి. పలక మీద నంబరు నలభై ఒకటితో ముగుస్తుంది. మిషన్ తలుపు పిడికి నీలం సిరాతో రాసిన కార్డు వేలాడుతుంటుంది. అక్కడ పనిచేసే ఆయన దగ్గరికి వెనకనుంచి వెళ్ళకండి, ఉలిక్కిపడతాడు. ఎదురుగా నిలబడి చెయ్యి ఊపి మిషన్ ఆపించండి. కార్డు చించెయ్యండి. ఆయన రెండు కళ్ళూ బాగున్నాయో లేదో దగ్గరగా చూసి, నాకు ఒక్క మాట కబురు చెయ్యండి.