ఎడమచేతి గ్లౌజు

గోడకున్న పెట్టెలోంచి రెండు గ్లౌజులు లాగి, ఒకటి కుడిచేతికి తొడుక్కుని, రెండోది యూనిఫాం జేబులో కుక్కుకుంది సుధామయి. విండ్సర్‌లోని ఆ వృద్ధాశ్రమంలో పదకొండేళ్లుగా ఆమె పొద్దు ఇలాగే మొదలవుతోంది. ముసలివాళ్లకు ఒళ్లు తుడవడం, పక్కలు మార్చడం, తినిపించడం ఆమె ఉద్యోగం. పొట్టి మనిషి, నెరిసిన జుట్టుకు పాత క్లిప్పు, మడమల దగ్గర అరిగిన బూట్లు. లిఫ్టులో ఆమె పక్కన నిలబడ్డవాళ్లు కిందికి దిగేసరికి ఆమెను మరిచిపోతారు. ఆమెకు కావలసిందీ అదే.

ఆమె ఎడమచెయ్యి నొప్పి తీస్తుంది. మాటవరసకు కాదు, నిజంగానే తీస్తుంది. నొప్పి ఉన్నచోట ఉత్త అరచెయ్యి ఆనిస్తే అది కుంపటిలా వేడెక్కుతుంది. నొప్పి అవతలి ఒంట్లోంచి దిగి, ఆమె ఒంట్లో అదే చోటికి వచ్చి కూర్చుంటుంది. తెల్లారేసరికి పోతుంది. రోజుకు ముగ్గురికి మించి ఆ ఒళ్లు తట్టుకోదు. సాయంత్రం జేబులో ఎన్ని గ్లౌజులుంటే ఆ రోజు అంతమందికి చెయ్యి వేసినట్టు. పెళ్లయి ముప్పై ఏళ్లయినా భర్త వెంకటసుబ్బయ్యకు ఈ సంగతి తెలియదు. పెళ్లానికి కీళ్లవాతమని నమ్మి, ఇండియా నుంచి ఎవరొస్తున్నా తైలం సీసాలు తెప్పిస్తాడు, పాపం. అలమారా నిండా అవే.

ఆ చెయ్యి తుని దగ్గర పల్లెలో ఉన్న వాళ్లమ్మ నుంచి వచ్చింది. అమ్మ దాచుకోలేదు. మొదట పక్కింటివాళ్లు వచ్చారు, తర్వాత పక్క ఊరివాళ్లు, ఆ తర్వాత బస్సుల్లో జనం. అందరూ మంచివాళ్లే, అందరూ నొప్పితో ఉన్నవాళ్లే. అందుకే ఎవరినీ పొమ్మనలేక, నలభై నిండకుండానే పోయింది. ఆమె పోయిన పూట కూడా వాకిట్లో "ఇంక నలుగురమేనమ్మా" అంటూ నిలబడ్డారు. పదమూడేళ్ల సుధామయి ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. చేతిని ఊరికే ఉంచకూడదు, ఎవరికీ చెప్పకూడదు.

ఒక్కరు మాత్రం కనిపెట్టారు. తొమ్మిదో గదిలో శ్రీరాములుగారు, ఎనభై మూడేళ్ల మనిషి, కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఎడమ తుంటి ఎముకలో కాన్సర్. భూతద్దం పెట్టుకుని మంత్రతంత్రాల నవలలు చదువుతారు. మూడు నెలల కిందట, "నా నొప్పి నీ నడకలో కనిపించిందమ్మాయ్" అన్నారు. ఆయనతో అబద్ధం చెప్పలేక ఆమె అమ్మ కథంతా చెప్పేసింది.

ఇవాళ ఆయన ముఖం వాడిపోయి ఉంది. తుంటిమీద చెయ్యి పెట్టబోతే ఆపారు.

"మా అమ్మాయి రాధిక వస్తోంది. నీ షిఫ్ట్ ఉన్న రోజుల్లో నేను నొప్పి ఇంజెక్షన్ అడగట్లేదని చార్టులో చూసిందట. డాక్టర్ కదా, ఊరుకోదు. నీ చేతులూ, నీ నడకా చూస్తూ కూచుంటుంది."

"చూడనివ్వండి బాబాయిగారూ. మీకు నొప్పొస్తుంటే నేను నిలబడి చూడలేను."

"ఈ నవలల్లో వీరుడు పేరెందుకు దాచుకుంటాడో చెప్పు?"

"శత్రువులు ఇంటిమీద పడతారనేమో."

"నేనూ అదే అనుకునేవాణ్ని. మీ అమ్మ సంగతి విన్నాక తెలిసింది. శత్రువులొస్తే పోట్లాడొచ్చు. అవసరంలో ఉన్నవాళ్లొచ్చి గుమ్మంలో నిలబడితే ఏం చేస్తాడు? మా అమ్మాయి మంచిది. అదే భయం. దానికి తెలిస్తే ఊరంతటినీ నీ దగ్గరికి తెస్తుంది. అప్పుడు పదకొండో గదిలో రోసా సంగతేంటి?"

రోసా ఇటలీ ముసలావిడ. నాలుగయ్యేసరికి వెన్నునొప్పితో మంచం ఊచ పట్టుకుని తలుపు వైపు చూస్తుంటుంది. సుధామయి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

పదింటికి రాధిక వచ్చింది. బూట్లకంటిన మంచు దులుపుకుని, నేరుగా విషయంలోకి దిగింది.

"ఆంటీ, నేను కంప్లెయింట్ చెయ్యట్లేదు. మీరేదో చేస్తున్నారు, నాన్నకి రిలీఫ్ వస్తోంది. నా వార్డులో నాన్నలాంటివాళ్లు నలభై మంది ఉన్నారు. వాళ్లకి కూడా హెల్ప్ అవుతుంది కదా?"

"పక్కలు మారుస్తానమ్మా, అంతే" అంది సుధామయి. జేబులోంచి రెండో గ్లౌజు తీసి, మూడు నెలల్లో మొదటిసారి ఆ గదిలో ఎడమచేతికి తొడుక్కుంది.

మధ్యాహ్నం దాటాక ఆయన ఊపిరి మారింది. నర్సు ఇంజెక్షన్ ఇచ్చింది, మళ్లీ ఇచ్చింది. నొప్పి సగమే తగ్గింది. నుదుటి మీద చెమట పట్టి, పళ్లు బిగపట్టారు తప్ప మూలగలేదు. చివరికి రాధికే తట్టుకోలేకపోయింది.

"ఆంటీ, ప్లీజ్! మీరేం చేస్తారో అది చెయ్యండి!"

సుధామయికి ఒట్టు గుర్తులేదు, అమ్మ గుర్తులేదు. ఎడమచేతి గ్లౌజు అంచు పట్టుకుని లాగబోయింది. అంతలో ఆయన చెయ్యి లేచి ఆ వేళ్లను గ్లౌజుతో సహా పట్టుకుంది.

"వద్దమ్మాయ్. నీ చేతులు చల్లన." ఆయన కూతురి వైపు తిరిగారు. "దాన్నేం అడుగుతావే? పక్కలు మార్చే పిల్ల. మామూలు మనిషి."

ఆమె చెయ్యి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు. ఇంత బలం ఎక్కడ దాచుకున్నారో! కళ్లలోకి చూస్తే, ఆయన నిర్ణయం ఎప్పుడో అయిపోయిందని తెలిసింది. అప్పుడిక ఆమె పెనుగులాడలేదు. పదకొండేళ్లలో మోసిన నొప్పులన్నీ ఒక ఎత్తు, ఆ గంటన్నర ఒక ఎత్తు.

"సారీ ఆంటీ" అంది రాధిక, మంచం అంచుకు తల ఆనించి. "నేనే ఏదేదో ఊహించుకున్నాను."

నాలుగుకు పది నిమిషాలుండగా శ్రీరాములుగారి ఊపిరి ఆగింది. రాధిక ఆయన కళ్లు మూసింది. ఆయన పట్టు మాత్రం సడలలేదు. సుధామయి ఒక్కో వేలూ మెల్లగా ఇవతలికి జార్చుకుని లేచింది. గుమ్మం దాకా నడుస్తుంటే రాధిక చూపు ఆమె కాళ్ల మీదే ఉంది. ఎడమకాలు తిన్నగా పడింది, ఏ నొప్పీ లేదు. ఆ నొప్పి లేకపోవడమే ఆమెను ఏడిపించింది. నడవాలో నిలబడి, భుజానికి కళ్లు తుడుచుకుంది.

గోడకున్న పెట్టెలోంచి మళ్లీ రెండు గ్లౌజులు లాగింది. ఒకటి కుడిచేతికి తొడుక్కుని, రెండోది జేబులో కుక్కుకుని, పదకొండో గది తలుపు తోసింది.

తొమ్మిదో గదిలో, శ్రీరాములుగారి పిడికిట్లో, ఎడమచేతి గ్లౌజు ఖాళీ వేళ్లతో అలాగే ఉండిపోయింది.