ఒకే కంచం

కుందేళ్లను ఇంటికి తెచ్చేసరికి దూదికి ఇంకా మత్తు పూర్తిగా వదల్లేదు. అట్టపెట్టెలో పాత టవలు మీద పక్కకు ఒరిగి పడుకుని ఉంది, కళ్లు మాత్రం తెరుచుకుని ఉన్నాయి. బూడిద దాని వీపుకు ఆనుకుని కూర్చుంది. రెండింటికీ ఒకే పూట ఆపరేషన్ చేశారు. పొట్ట కింద బొచ్చు గొరిగి, గర్భసంచి తీసి, కుట్లు వేశారు. మెట్లెక్కుతూ వదిన ఆ పెట్టెను నా చేతికి ఇవ్వలేదు. ప్రతి మలుపులోనూ ఆగి ఊపిరి తీసుకుంది గానీ ఇవ్వలేదు.

వదిన అంటే మా ఆయన అక్క. ఆయన పోయాక మేమిద్దరమే మిగిలాం. కింద బట్టలు కుట్టే షాపు, పైన మా గది. ఆవిడ మిషను మీద కుడుతుంది. నేను కాజాలు, గుండీలు, చేతిపని చూస్తాను. కుందేళ్లు ఆవిడవి. ఎవరో కస్టమరు ఇల్లు మారుతూ, ఎవరికైనా ఇచ్చేయమని షాపులో వదిలి వెళ్లారు. షాపు నడిపే మాస్టరు ఇవ్వబోయిన వాళ్లందరికీ ఏదో ఒక వంక పెట్టి, చివరికి ఆవిడే ఉంచేసుకుంది.

ఆపరేషన్ వద్దని నేను అన్నాను. బాగా తిని తిరుగుతున్న వాటిని కోయించడం దేనికని నా వాదన. ఆడ కుందేళ్లకు వయసు వచ్చే కొద్దీ గర్భసంచిలో గడ్డలు లేస్తాయని పశువుల డాక్టరమ్మ చెప్పింది. అది విన్నాక వదిన ఇంకెవరి మాటా వినలేదు. ఆవిడకూ ఒకప్పుడు అలాంటి గడ్డే వచ్చింది. గర్భసంచి తీసేస్తే బతికి బయటపడింది. ఆ సంగతి ఎప్పుడూ ఎత్తదు. ఆ రోజు మాత్రం, నాకు తీశారు, నేను బతికే ఉన్నాగా అంది. పెట్టెను గది మూల దించాక ఇంకో మాట అంది.

"వీటికేమైనా అయితే నేనే కోయించి చంపినట్టు, పిల్లా."

డాక్టరమ్మ చెప్పి పంపిన జాగ్రత్తలు ఎక్కువేం లేవు. కుట్లు నాకనివ్వకూడదు. నొప్పి మందు సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి పట్టాలి. కొన్నాళ్లు రెండింటినీ విడిగా, మధ్య వల కట్టి ఉంచాలి. అన్నిటికంటే ముఖ్యం మేత. కుందేలు కడుపు ఆగకుండా నడుస్తూనే ఉండాలట. తినడం మానేస్తే లోపల బిగుసుకుపోతుందట, ఆ తర్వాత చేతులెత్తేయడమేనట. అందుకని పెంటికలు పడుతున్నాయో లేదో చూస్తూ ఉండమంది. నొప్పి ఉన్నా అది పైకి చెప్పదని, మూతి తుడుచుకుంటూ బాగున్నట్టే కూర్చుంటుందని కూడా అంది.

వదిన కళ్లజోడు పెట్టుకుని కుట్లు పరీక్ష చేసింది. చెయ్యి తిరిగిన పనే, పోగు ఎక్కడా పైకి రాలేదని ఒప్పుకుంది. పాత చొక్కా చేతులు కత్తిరించి, కాళ్లకు కంతలు పెట్టి, కుట్లు నాకకుండా రెండింటికీ చొక్కాలు కుట్టింది. చూడ్డానికి పైకి వచ్చిన మాస్టరు, కస్టమర్ల బట్టలు గుట్ట పడి ఉంటే వీటికి అర్జెంటు ఎలా అయిందని అడిగాడు. వీళ్లు బేరమాడరు, ఇచ్చిన కొలతలు మళ్లీ మార్చరు అంది వదిన.

వల కట్టాం గానీ బూడిద ఊరుకోలేదు. దాన్ని పళ్లతో పట్టుకుని గుంజింది. దూది అటువైపు మొహం పెట్టి కదలకుండా కూర్చుంది. మర్నాడు నేను కింద నుంచి వచ్చేసరికి వల విప్పి గోడకు ఆనించి ఉంది. డాక్టరమ్మ వద్దంది కదా అన్నాను. విడదీస్తే బెంగతోనే పోతాయి, వీటి సంగతి నాకు తెలుసు అంది వదిన. రెండూ ఒకదాని మెడ కింద ఒకటి తల పెట్టి పడుకుని ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటే నేనూ ఊరుకున్నాను.

అంతా బాగానే ఉన్నట్టు కనబడింది. గిన్నెలో వేసిన ఆకులు వేసినట్టల్లా అయిపోయేవి. కింద పరిచిన పేపరు మీద మిరియాలు ఒలకబోసినట్టు పెంటికలు ఉండేవి. పేపరు మార్చే ముందు వదినకు చూపించేదాన్ని, ఆవిడ తలూపేది. డాక్టరమ్మ ఫోన్ చేసి పడుతున్నాయా అని అడిగితే, దండిగా అని చెప్పాను.

మేమిద్దరం తినడమూ ఒకే కంచంలోనే. మా ఆయన పోయిన కొత్తలో నేను అన్నం ముందు కూర్చోనని మొండికేస్తే, వదిన పెద్ద కంచంలో ఇద్దరికీ కలిపి పెట్టి, చెరోవైపు నుంచి తిందాం రమ్మంది. తర్వాత అదే అలవాటైపోయింది. ఇద్దరికి రెండు కంచాలు తోమడం దండగ అనేది. నేను కబుర్లు చెబుతూ తినేదాన్ని. ఆవిడ వింటూ కలిపేది. కంచం ఖాళీ అయ్యేది.

ఆ మధ్య ఆవిడ తన జాకెట్టు పక్క కుట్టు లోపలికి వేసుకుంటుంటే, ఈ వయసులో బిగుతు జాకెట్లు ఎవరికి చూపించడానికని ఏడిపించాను. మాస్టరు నాకు సంబంధాలు చూస్తున్నాడులే, నీకు చెప్పలేదా అంది, దారం పళ్లతో తెంపుతూ.

గదిలో ఏదో చప్పుడు మొదలైంది. కింద మిషన్లు ఆగినప్పుడే వినబడేది. మొద్దు కత్తెరను ఎవరో చిన్నగా ఆడిస్తున్నట్టు ఉండేది. ఎలుకేమోనని మంచం కింద వెతికాను. ఏమీ లేదు. దూది మూలన వీపు గుండ్రంగా చేసుకుని, కళ్లు సగం మూసి కూర్చుని ఉండేది. ఆకు దగ్గర పెడితే మూతి ఆనించేది. ఒకసారి కాడ పట్టుకుని లాగింది కూడా. హమ్మయ్య అనుకుని గుండీల పనిలో పడ్డాను. మళ్లీ చూసేసరికి ఆ ఆకు బూడిద నోట్లో ఉంది. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు.

బూడిద తన చొక్కాను కొరికి పీలికలు చేసుకుంది. కొత్తది కుడదామని వదిన దాన్ని చంకన పెట్టుకుని కిందకు తీసుకెళ్లింది. నేను పేపరు మార్చి, తాజా ఆకులు వేసి, పని పట్టుకుని అక్కడే కూర్చున్నాను. కింద యూనిఫారాల ఆర్డరు ఏదో వచ్చి వదినకు ఆలస్యమైంది. కిటికీలోని ఎండ ఒక గోడ నుంచి ఇంకో గోడకు మారింది. లేచి చూశాను.

ఆకులు వేసినవి వేసినట్టే వాడిపోతున్నాయి. పేపరు మీద ఒక్క పెంటిక లేదు. దూది అదే మూలన కూర్చుని, ముందు కాళ్లతో మూతి తుడుచుకుంటోంది. దగ్గరకు వంగాను. మొద్దు కత్తెర చప్పుడు దాని పళ్లలోంచి వస్తోంది.

మెట్ల మీద నిలబడి వదినకు చెయ్యి ఊపాను. ఆవిడ నా మొహం చూసి, బూడిదను మాస్టరు ఒళ్లో పడేసి పైకి వచ్చింది. పేపరు చూపించాను.

"మరి ఇన్నాళ్లూ పడ్డవి?" అంది.

"అన్నీ బూడిదవే, వదినా."

వెంటనే తీసుకెళితే, డాక్టరమ్మ దూది పొట్ట మీద వేళ్లతో నొక్కి చూసింది. గొట్టం ఆనించి చాలాసేపు విన్నది. లోపల అలికిడి లేదంది. రెండింటినీ కలిపేశారా అని అడిగింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే కాస్త నయంగా ఉండేది. చర్మం కింద నీళ్లు ఎక్కించాలని, మేత పిండిని కలిపి సిరంజితో పట్టాలని, తన దగ్గరే వదిలి వెళ్లమని చెప్పింది. బతుకుతుందా అని వదిన అడగలేదు. నేను అడిగితే, రేపటికి గానీ చెప్పలేనంది.

బస్సులో వదిన ఖాళీ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. పెట్టె మూత సవరిస్తూ అంది.

"పక్కన ఇంకొకటి తినేస్తుంటే, ఇది మానేసిన సంగతి ఎవరికి తెలుస్తుందే."

అది అడిగినట్టు లేదు. ఏడుపు గొంతూ కాదు. ఎప్పటి నుంచో తెలిసిన విషయం చెప్పినట్టు చెప్పింది. నేను తల తిప్పి ఆవిడ వైపు చూశాను. పెట్టె మీద పెట్టుకున్న చేతికి వాచీ మణికట్టు దగ్గర ఆగకుండా మోచేతి వైపుకు జారి ఉంది.

ఇంటికి రాగానే ఆవిడ స్నానానికి వెళ్లింది. నేను తీగ మీద బట్టలు తీస్తున్నాను. ఆవిడ జాకెట్టు తిరగేసి ఆరేసి ఉంది. పక్క కుట్టు లోపల ఇంకో కుట్టు. దాని లోపల మరొకటి. ఒక్కొక్కటి ఒక్కో రంగు దారం. కింద ఆ రోజు మిషనులో ఏ దారం ఉంటే దాంతోనే వేసుకున్నట్టుంది. పక్కల్లో గుడ్డ చాలా మటుకు లోపలికి పోయింది. దాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచాను. ఆవిడ బయటికి వచ్చే అలికిడి అయితే మిగతా బట్టల కింద పెట్టేశాను.

మర్నాడు మేం పనిలో ఉండగా డాక్టరమ్మ ఫోన్ చేసింది. దూది కడుపు కదిలిందట. ఆవగింజల్లాంటివి కొన్ని వేసిందట. వదిన ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే మాస్టరుకు చెప్పింది. నవ్వింది. కళ్లు తుడుచుకుంది. సాయంత్రం వెళ్లి దాన్ని తెచ్చుకున్నాం. ఈసారి వల ఆవిడే కట్టింది. నాలుగు మూలలా ముడి మీద ముడి వేసింది.

నేను అన్నం రెండు కంచాల్లో పెట్టాను.

"ఇదేంటే కొత్తగా?"

"తోమేది నేనేగా."

ఆవిడ తన కంచం ముందు కూర్చుని కలిపింది. ముద్ద చేసింది. దాన్ని మళ్లీ విడదీసింది. అంచుకు నెట్టింది, మధ్యకు తెచ్చింది. ఆ చెయ్యి కదలడం నేను రోజూ చూస్తున్నదే. ఇవాళ నేను కబుర్లు చెప్పలేదు.

"అలా గుడ్లప్పగించి చూస్తే ఎవరికి దిగుతుంది? నువ్వు ముందు తిను."

"నువ్వు తినేదాకా నేను ముట్టను."

"అయితే ఇద్దరికీ పస్తే," అని నవ్వింది.

"ఎప్పటి నుంచి, వదినా?"

ఆవిడ చెంగు తీసుకుని మూతి తుడుచుకుంది. మెతుకు అంటని మూతిని ఆ చివర నుంచి ఈ చివరకు శుభ్రంగా తుడుచుకుంది.

"బాగానే ఉన్నాగా," అంది.

పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళదామన్నాను. ఆవిడ ముద్దను మళ్లీ అంచుకు నెట్టింది. కంచం వైపే చూస్తూ కూర్చుంది. బూడిద నిద్రపోతోంది. వల అవతల దూది ఎండుగడ్డి పరక ఒకటి అందుకుని, మెల్లగా నమలడం మొదలుపెట్టింది. ఆ గదిలో తింటున్నది అదొక్కటే.