ఇరవై నాలుగో ప్రాక్టికల్

సీటిచ్చాక కప్పనడిగారు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే మా అమ్మాయి చేత ఏ కామర్సో చదివించేదాన్ని, ఈ గోల ఉండేది కాదు. మెడిసిన్‌లో సీటొచ్చిందని ఇండియా నుంచి ఉత్తరం అందిన రోజున రియాద్‌లో మా కాంపౌండు మొత్తానికి కేసరి పంచాను. పంచిన గిన్నెలు తిరిగి రాకముందే కాలేజీ వాళ్ల రెండో ఉత్తరం ఊడిపడింది.

అందులో ఉన్నదేమిటంటే, మా ఇంద్రజకి సీటు ఖాయమే. అయితే పన్నెండో తరగతి జంతుశాస్త్రంలో ఇరవై నాలుగు ప్రాక్టికల్స్ ఉండగా ఇరవై మూడే చేసినట్టు స్కూలు కాగితంలో ఉందట. మిగిలిన ఒకటి, అంటే కప్పని కోసి లోపలి అవయవాలు చూపించడం, పూర్తి చేసి టీచరు సంతకంతో జులై ఇరవై రెండు సోమవారంలోగా పంపాలట. పంపకపోతే సీటు జాబితాలో ఆ తర్వాతి వాళ్లకి ఇచ్చేస్తారట. ఎంత మర్యాదగా రాశారో! చివర్లో శుభాకాంక్షలు కూడాను.

ఆ ఒక్కటీ ఎందుకు మిగిలిందో వాళ్లకి తెలియదా? పేపర్లు చదవరా? రియాద్‌లో కప్పలుండవు. మా ఇండియన్ స్కూలుకి ఏటా సెలవులకి వెళ్లొచ్చే టీచర్లెవరో ఒకరు పెట్టెలో పచ్చళ్ల సీసాల మధ్య మందునీళ్లలో వేసిన కప్పల సీసా పెట్టుకొచ్చేవారు. ఆ ఏడాది, అంటే తొంభై ఒకటి, జనవరిలో గల్ఫ్ యుద్ధం మొదలైంది. విమానాలు ఆగాయి, స్కూలు మూశారు, మేము విషవాయువు భయానికి కిటికీలకి ప్లాస్టిక్ అంటించిన పడగ్గదిలో కూర్చుని సైరన్ ఎప్పుడాగుతుందా అని చూశాం. మార్చిలో గబగబా రాతపరీక్షలు పెట్టి పంపేశారు. కప్ప ఊసు ఎవరికీ గుర్తు లేదు, ఆ కాలేజీ వాళ్లకి తప్ప.

సరే, టీచరు సంతకమే కదా అని ముగ్గురం మేరాజ్ బేగం ఇంటికి వెళ్లాం. ఆవిడది వరంగల్. స్కూల్లో జంతుశాస్త్రం చెబుతుంది. మంచి టీ ఇచ్చింది, ఇంద్రజ తల నిమిరింది. మా ఆయన ఉమామహేశ్వరరావు కాగితం తీసి ముందు పెట్టి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో కూడా చూపించారు.

"కప్ప ఏది రావుసాబ్?" అంది ఆవిడ.

"కప్ప లేదండి. దొరకదు కదా."

"అట్లయితే సంతకం కూడా లేదు. కప్ప తీస్కరండి. పిల్ల కోయాలె, నేను చూడాలె, అప్పుడు పెడ్త. చూడంది చూసినట్టు రాస్తే రేపు అల్లాకు నేనేం జవాబు ఇయ్యాలె?"

"యుద్ధం వచ్చింది కదండీ!" అన్నాను నేను ఉండబట్టలేక.

"వచ్చింది. పోయింది. కప్ప రాలె," అంది ఆవిడ. "బతికున్నదైనా పర్వా లేదు. మత్తుమందు, కత్తెర్లు నా దగ్గర ఉన్నయి."

ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో అంత గౌరవమూ కలిగింది. ఆ రెండోది మాత్రం అప్పుడు ఒప్పుకోలేదు.

ఇంద్రజ కారులో ఆ కాగితాన్నే మళ్లీ మళ్లీ చదివింది. దానికి పదేళ్లప్పటి నుంచి డాక్టరు కావాలనే పిచ్చి. నా చెయ్యి పట్టుకుని నాడి చూసి, "అమ్మా, నువ్వు బతికే ఉన్నావు" అని చెప్పేది. అలాంటి పిల్ల సీటు ఒక కప్ప దగ్గర ఆగిపోయింది.

మా ఆయన ఇంజినీరు. ఆయనకి కష్టమొస్తే చార్టు గీస్తారు. "కప్ప సేకరణ" అని పైన రాసి, రోజులు అడ్డంగా, పనులు నిలువుగా పెట్టి ఫ్రిజ్‌కి అంటించారు. ఆఫీసులో ఈజిప్టు ఆయన్ని అడిగి కప్పని అరబ్బీలో దిఫ్దా అంటారని నేర్చుకున్నారు. బతా బజారుకి వెళ్లి చేపల కొట్లన్నీ, పిట్టలమ్మే కొట్లన్నీ తిరిగి "దిఫ్దా, దిఫ్దా" అని అడిగారు. ఒక ముసలాయన పాపం జాలిపడి, వాన పడ్డప్పుడు రమ్మన్నాడట. జులైలో, రియాద్‌లో! మా ఆయన దాన్ని కూడా చార్టులో రాశారు.

అప్పుడు ఆయనకి మల్లేశం గుర్తొచ్చాడు. జగిత్యాల మనిషి, మా ఆయన కంపెనీలోనే పైపుల పని చేస్తాడు. ఆ ఏడాది తాయిఫ్ క్యాంపుకి పంపారు. తాయిఫ్ కొండల మీద ఊరు, తోటలున్నాయి, తోటల్లో నీళ్లుంటాయి, నీళ్లున్నచోట కప్పలుండి తీరాలి. ఇదీ మా ఆయన లెక్క. బుధవారం పొద్దున్నే ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను. మా ఫోన్లో అవతలి మాట గది అంతటికీ వినపడుతుంది.

"మల్లేశం, నాకు అర్జెంటుగా కప్పలు కావాలయ్యా."

"కప్పలా సార్? ఎన్ని గావాలె?"

"ఒకటైనా చాలు. దారిలో పాడైపోతే కష్టం, నాలుగైదు ఎక్కువే పట్రా."

"చిన్నయా, పెద్దయా సార్?"

"పెద్దవే. అరచేతి నిండా రావాలి. లోపలి పార్టులన్నీ సరిగ్గా ఉండాలి సుమా."

"ఫికర్ జేయకుండ్రి సార్. తెరిచి జూసే తెస్త."

"వద్దొద్దు, తెరవకు! తెరవడం మా అమ్మాయి చెయ్యాలి."

"మంచిది సార్, అమ్మాయి చేతులతోనే తెరిపిద్దాం. ఈడ పాత బజార్ల మస్తు దొర్కుతయ్. శుక్రారం పట్కొస్త."

ఫోన్ పెట్టేసి మా ఆయన నావైపు గర్వంగా చూశారు. "విన్నావా ఆండాళూ, తాయిఫ్‌లో కప్పలు బజార్లోనే అమ్ముతారట!"

"ఎవరు కొంటారండీ వాటిని?"

"డిమాండ్ లేకుండా సప్లై ఉండదు," అన్నారు. చార్టులో శుక్రవారం గడికి పచ్చరంగు వేశారు.

శుక్రవారం ఆయన బతాకి వెళ్లి, బస్సు దిగిన మల్లేశాన్ని ఇంటికి తీసుకొచ్చారు. నేను హాలంతా పేపర్లు పరిచి, బియ్యం డబ్బా మీద రోలు పెట్టి, సోఫా ఎక్కి నిలబడ్డాను. కప్పంటే నాకు భయమో అసహ్యమో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఇంద్రజ బకెట్లో నీళ్లు పోసి మూత పట్టుకుని తయారుగా ఉంది. మల్లేశం భుజాన ఉన్న గోనెసంచీ దించాడు. అది ఖంగుమంది.

"అన్నీ బతికే ఉన్నాయా?" అన్నాను సోఫా మీంచి.

మల్లేశం తెల్లబోయాడు. "అన్నీ మంచిగ పనిజేస్తయమ్మా. ఒక్కోదాన్కి మూడు చెవులు."

"కప్పలకి బయటికి చెవులుండవే," అంది ఇంద్రజ మెల్లగా.

సంచీ విప్పాడు. ఆరు తాళం కప్పలు. ఇత్తడివి, అరచేతి నిండా వచ్చేవి, ఒక్కో దానికి మూడేసి తాళం చెవులు దారంతో కట్టి ఉన్నాయి. ఒకటి తీసి మల్లేశం ఇంద్రజ చేతిలో పెట్టి, "తెరువు బిడ్డా" అన్నాడు ప్రేమగా.

పిల్ల ముందు నవ్వింది. నవ్వి నవ్వి బకెట్ పక్కన కూలబడింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నాకు తెలియలేదు. మల్లేశం కంగారుపడిపోయాడు.

"మీరు కప్పలన్నరు గద సార్! లోపటి పార్టులన్నరు. అమ్మాయి తెరుస్తదన్నరు. మల్ల లడాయి అస్తున్నట్టుంది, సారు ఇల్లుకు తాళాలేసి పోతున్నడు అనుకున్న. నన్ను జూసి మా క్యాంపుల అందరు కొన్నరు. బజార్ల కప్పలన్ని ఖాళీ!"

మా ఆయన చార్టు వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఏం అన్నానో ఇక్కడ రాయను.

ఇంద్రజే కళ్లు తుడుచుకుని చెప్పింది. "అంకుల్, నాకు గెంతే కప్ప కావాలి. నీళ్లలో ఉండేది. సోమవారంలోగా దాన్ని కోసి చూపించకపోతే నా సీటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తారు."

"దుంకే కప్పనా!" మల్లేశం నెత్తి కొట్టుకున్నాడు. "గా ముక్క ముందుగాల జెప్పొద్దా సార్? మా క్యాంపు ఎన్క తోటల నీళ్ల తొట్టికాడ ఒర్రుతనే ఉంటయ్. నిద్ర గూడ పోనియ్యవ్." పెరుగన్నం సగం తిని లేచాడు. "ఐతారం పొద్దుగాల ఈడుంట," అని మళ్లీ బస్సెక్కేశాడు. వచ్చి పట్టుమని రెండు గంటలు కాలేదు.

ఆదివారం పొద్దున అన్నమాట ప్రకారం వచ్చాడు. ఒళ్లో మంచినీళ్ల క్యాను, దాని మూతికి గుడ్డ. దారిలో చెక్‌పోస్టు దగ్గర పోలీసు గుడ్డ విప్పించాడట. కప్ప డ్రైవరు మీదికి గెంతిందట.

"బస్సు మొత్తం దించి ఎతికిండ్రు సార్. ఆఖర్కి పోలీసాయనే పట్టిచ్చిండు. దేనికి అని అడిగిండు. డాక్టర్ కోసం అన్న. కప్పకు డాక్టరా, డాక్టర్‌కు కప్పా ఆయనకు సమజ్ గాలె. నవ్వి పొమ్మన్నడు."

క్యాను అడుగున ఆకుపచ్చగా కూర్చుని ఉంది అది. గొంతు కింద చర్మం ఎగిసి పడుతోంది. నేను సోఫా ఎక్కలేదు. ఎనిమిది వందల కిలోమీటర్లు మా కోసం వచ్చిన ప్రాణి ముందు సోఫా ఎక్కడం బాగుండదనిపించింది.

మేరాజ్ బేగం నల్ల సంచీతో వచ్చింది. వంటింట్లో వద్దంటే వద్దన్నాను గానీ, ట్యూబులైటు వెలుగు సరిగ్గా పడేది అక్కడి భోజనాల బల్ల మీదే. యుద్ధానికని కొన్న కొవ్వొత్తులు కరిగించి, కప్పని సూదులతో గుచ్చి ఉంచడానికి నా స్టీలు పళ్లెంలో పోశారు. మత్తుమందు వాసన ఇల్లంతా పాకింది. పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుందామనుకుంటూ ఉంటే ఆవిడ నా చేతిలో టార్చి పెట్టింది. "ఇట్ల పట్టుకోండమ్మా. కదలొద్దు."

కళ్లు మూసుకుందామనుకున్నాను. మూసుకోలేదు. ఇంద్రజ కత్తెర అందుకుంది. పెదవి పళ్ల కింద బిగబట్టింది. అడిగినవన్నీ చెప్పింది, కాలేయం, ఊపిరితిత్తులు, మూడు గదుల గుండె. గుండె దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. అది ఇంకా కొట్టుకుంటూనే ఉంది. నా టార్చి వెలుగులో, మేం అన్నం తినే బల్ల మీద, గోరంత గుండె కొట్టుకుంటూ ఉంటే మేమందరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. చాలాసేపు పట్టింది ఆగడానికి.

మేరాజ్ బేగం కళ్లజోడు తుడుచుకుని సంతకం పెట్టింది. "షాబాష్ బేటీ. మంచి డాక్టరవుతవ్," అంది. మల్లేశం కప్పని గుడ్డలో చుట్టి తీసుకెళ్లి కాంపౌండు గోడ పక్కన గన్నేరు మొక్క కింద పాతిపెట్టాడు.

సోమవారం పొద్దున, సర్టిఫికెట్ ఫ్యాక్స్ చేసే ముందు చెబుదామని మా ఆయన కాలేజీకి ఫోన్ చేశారు. అక్కడి గుమాస్తా పీరయ్య అనంతపురం మనిషి, తెలుగులోనే మాట్లాడాడు.

"సార్, ఆ కప్ప కాగితం ఇంక పంపేకి పని లేదు సార్. గల్ఫ్ పిల్లోళ్లకంతా యుద్ధమని దాన్ని తీసేసినారు. జాబు ఏసి వారం దాటె, మీకింకా రాలేదా?"

"ఆండాళూ, అక్కర్లేదట! సీటు మనదేనట!" అని మా ఆయన ఎగిరినంత పని చేశారు. నాకూ ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇంద్రజ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో సర్టిఫికెట్.

"అక్కర్లేకపోతే మరి దాన్ని ఎందుకు చంపాను నాన్నా?"

"పోనీలేమ్మా, సీటొచ్చింది కదా."

"నేను చూస్తూనే ఉన్నాను నాన్నా. అది ఆగిపోయేదాకా చూస్తూనే ఉన్నాను."

ఆయన దగ్గర దానికి చార్టు లేదు. నేను ఫోన్ లాక్కున్నాను.

"ఏమయ్యా పీరయ్యా, మా అమ్మాయి కప్పని కోసింది. రాసుకో."

"అమ్మా, మీ పాపకు సీటు ఉంది, ఏం భయపడొద్దు."

"సీటు సంగతి కాదు నాయనా. కప్ప సంగతి. రాసుకో."

"రాసేకి లేదమ్మా. ఆ గడిలో 'అవసరం లేదు' అని ముద్ర కొట్టేసినాము."

ఆ మాటతో నా ఒళ్లు మండింది. "ముద్ర కొట్టేశావా? తాయిఫ్ నుంచి ఒక మనిషి దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మా బల్ల మీద చచ్చిపోయింది. నువ్వు ముద్ర కొట్టేస్తే అది రాలేదనా? చావలేదనా? ఆ ముద్ర పక్కన చోటుందా లేదా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అరంగుళం ఉందమ్మా," అన్నాడు చివరికి. "ఏమని రాయల్ల?"

అంత అరిచినదాన్ని, ఏమని రాయించాలో నాకు తెలియలేదు. రిసీవరు ఇంద్రజకిచ్చాను.

"ఇరవై నాలుగో ప్రాక్టికల్, కప్ప. నేనే చేశాను," అంది అది. "తారీఖు కూడా వేయండి, జులై ఇరవై ఒకటి."

కలం గీరుకున్న చప్పుడు నాకూ వినిపించింది. పీరయ్య రాసింది చదివాడు, ఒక్కో మాటా విడివిడిగా, స్కూల్లో పిల్లాడు చదివినట్టు. ఇంద్రజ ఫోన్ పెట్టేసి, సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, అప్పుడు ఏడ్చింది. ఊరుకోమని నేను అనలేదు.