ఆరుగురు కూర్చునే అటక

అమలాపురంలో దొరబాబు గారి కాంట్రాక్టు ఆఫీసులో ఎస్టిమేట్లు వేయడం నా పని. సఖినేటిపల్లి దగ్గర గోదావరి లంకలో ఇల్లు కట్టించుకోబోతున్న అమ్మాజీ గారు తనకేం కావాలో చెబుతూంటే రాసుకున్నది నేనే. పైన రేకులు, లోపల సిమెంటు అటక.

"వరదొస్తే ఆరుగురం ఆ అటకెక్కి కూర్చోవాలి బాబూ. మా అత్తగారిని పడుకోబెట్టాలి. మిగతావి మీ ఇష్టం," అన్నారు.

ఆరుగురి బరువుకు తగిన మందం, ఇనుము లెక్కగట్టి ఇచ్చాను. దొరబాబు గారు ఆ వరుసను కొట్టేశారు.

"అటకంటే బిందెలు పెట్టుకునేది ఫిలిప్పూ. ఆరుగురెక్కడానికి అదేవన్నా బస్సా? కొత్తపేట కాంట్రాక్టరు మనకంటే తక్కువకి రాసిచ్చేడంట. మామూలు అటకని టైపు చేసెయ్."

"ఆవిడ ప్రత్యేకంగా అడిగేరండి."

"అడుగుతారు. గోదారొచ్చినప్పుడు చూసుకుందాం."

ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే కూర్చుని, ఆయన చెప్పినట్టే టైపు చేశాను. కోపం వచ్చింది గనుక నేను ఆయనలాంటివాణ్ణి కానని నమ్మాను.

మర్నాడు అమ్మాజీ గారు సంతకానికి వచ్చారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. పెన్ను అందుకుంటూ నన్ను అడిగారు.

"ఆరుగురి మాట రాసేరా బాబూ?"

"ఆయ్, అన్నీ రాసేవండి," అన్నారు దొరబాబు గారు.

"లేదండి," అన్నాను. "ఇది సామాన్ల అటక. మనుషులెక్కితే కూలుతుంది."

"ఎవరి జీతం తింటన్నావు రా నువ్వు?" దొరబాబు గారు లేచి నిలబడ్డారు.

ఆమె ఆయన వైపు చూడలేదు. "ఇది టైపు కొట్టిందెవరు?"

"నేనేనండి."

"కూలుద్దని తెలిసే కొట్టేరా?"

"తెలిసేనండి."

"నేనడక్కపోతే?"

నిజం చెప్పినందుకు ఆమె ముఖంలో కాస్త మన్నన కనిపిస్తుందని ఆశించినట్టున్నాను. ఎంత సిగ్గుమాలిన ఆశ!

"ఆయన్నేవీ అననండి, ఆయన యాపారం ఆయనది. మీరు నా మాట మీ చేత్తో రాసుకున్నారు. మీ చేత్తోనే తీసేసేరు. వరదొచ్చిన రోజు మా అత్తగారు పైనుంటే..." కాగితం నిలువునా చింపి బల్ల మీద పడేసి, మెట్లు దిగారు.

దొరబాబు గారు అరుస్తూనే ఉన్నారు. తెల్లకాగితం మీద అటక మందం, ఇనుము కొలతలు తెలుగులో గబగబా రాసి, పరుగున కిందికి వెళ్ళాను.

"ఎవరు కట్టినా ఇంతకు తగ్గనివ్వకండి."

ఆటోలో కూర్చునే ఆ కాగితం తీసుకున్నారు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివారు.

"ఇంకో ఇంజనీరుకి చూపించుకుంటాను," అన్నారు. డ్రైవరు వైపు తిరిగి, "పోనీ బాబూ ఆటో."