నలభై ఎనిమిది అంకెలు

మనవాడి అక్క వద్దంది. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననకండి. "ఒరేయ్ ఇంజనీరూ, నా లాప్‌టాప్ జోలికి మాత్రం రాకు" అని చెవినిల్లు కట్టుకుని మరీ చెప్పింది. ఇంజనీరంటే చదువుకున్న ఇంజనీరనుకునేరు! మనవాడు కొరియర్ ఆఫీసు కౌంటర్లో కూర్చుని పార్సిళ్లకి స్టిక్కర్లు అంటిస్తాడు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క గడియారాన్ని విప్పదీసి, మళ్లీ బిగించలేక బిక్కమొహం వేసుకు కూర్చుంటే అక్క పెట్టిన పేరది.

నెల కిందట తన పాత కంప్యూటర్లో ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి ఎక్కించుకున్నాడు. ఎలాగో పనిచేసింది. ఇక చూడాలి, కాలు నేల మీద నిలిస్తేనా! "ఎవరి సొత్తూ కాదండీ, అందరిదీ. నత్తలా నడిచేదాన్ని పరిగెత్తిస్తుంది" అంటూ పార్సిల్ ఇవ్వడానికొచ్చిన వాళ్లని కూడా పట్టుకుని ఊదరగొట్టాడు. అక్క లాప్‌టాప్ ఆన్ అయ్యేలోపు టీ కాచుకుని తాగెయ్యొచ్చు. అది చూస్తే వాడికి ఒళ్లు మండిపోయేది.

"పాతదాన్ని తియ్యనక్కా. దాని పక్కనే కొత్తది పెడతాను. ఆన్ చెయ్యగానే ఏది కావాలో అదే అడుగుతుంది, నీకు నచ్చింది నొక్కుకో."

"నాకున్నది చాల్లే. నీ ప్రయోగాలు నీ దగ్గరే ఉంచుకో."

ఆవిడ భయం ఆవిడది. చెవులు సరిగ్గా వినపడని పిల్లలకి మాటలు నేర్పే టీచరు అక్క. క్లాసులో పదకొండు మంది పిల్లలు. రెండేళ్లుగా ప్రతి వారం ఒక్కొక్కళ్ల గొంతూ రికార్డు చేసి ఆ లాప్‌టాప్‌లో దాచుకుంది. పిల్లల గొంతులు బయటికి పోనివ్వనని తల్లిదండ్రులకి మాటిచ్చింది గనక నెట్‌లో పెట్టదు, ఇంకోచోటికి ఎక్కించదు. సోమవారం పదింటికి స్కూలు కమిటీ కూర్చుని, ఆ క్లాసు ఉంచాలో ఎత్తెయ్యాలో తేల్చేస్తుంది. ఇదుగో, పిల్లలు అప్పుడిలా పలికేవాళ్లు, ఇప్పుడిలా పలుకుతున్నారు అని వినిపించడానికి అక్క దగ్గరున్నవి ఆ రికార్డులే.

ఆదివారం పొద్దున్నే హాల్లో స్పీకర్లు సర్దడానికి అక్క స్కూలుకెళ్లింది. లాప్‌టాప్ బల్ల మీద ఉంది. ఇంకేం, మనవాడి చేతులు దురదపెట్టాయి. రేపు కమిటీ ముందు చకచకా నడిస్తే అక్కే మురిసిపోతుందని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

పని గంటలో అయిపోయింది. వీడియోలో ఎవడో చెప్పాడని మెషీన్ లోపలి భద్రత సెట్టింగు ఒకటి తీసేశాడు. అదెందుకుందో చదివే ఓపిక ఎక్కడిది మహానుభావుడికి! కొత్త సిస్టమ్ తళతళలాడుతూ వచ్చింది. ఈల వేసుకుంటూ ఆపేసి, మళ్లీ ఆన్ చేసి, ఈసారి పాతదాన్ని నొక్కాడు.

నీలం తెర వచ్చింది. డిస్క్‌కి తాళం వేసి ఉందనీ, తెరవాలంటే నలభై ఎనిమిది అంకెల తాళం నంబరు కొట్టమనీ అంది. తీసేసిన సెట్టింగుని చూసి దొంగెవడో పడ్డాడనుకుంది పాపం ఆ మెషీను. అనుకోదూ మరి! మార్చినవన్నీ వెనక్కి మార్చి మూడుసార్లు ఆపి, మళ్లీ ఆన్ చేశాడు. ఊహూ. కొత్త సిస్టమ్‌లోంచి వెళ్లి చూశాడు. అక్కడా తాళం బొమ్మే. నీలం తెర అడుగున, నంబరు ఏ ఖాతాలో దాచి ఉందో గుర్తుగా ఒక ఈమెయిల్ మొదటి నాలుగక్షరాలు కనిపించాయి. చూడగానే పోల్చుకున్నాడు.

అది బావ ఈమెయిల్. లాప్‌టాప్ కొత్తలో, పిల్లల గొంతులు దొంగల పాలు కాకూడదని తాళం వేసిచ్చింది ఆయనే.

అక్కా బావా విడిపోయి పద్నాలుగు నెలలైంది. వాళ్లిద్దరూ ఒకర్నొకరు పల్లెత్తు మాటనుకోలేదు. ఎందుకు విడిపోయారో ఎవరికీ చెప్పుకోలేదు కూడా. గొడవంతా మనవాడే పడ్డాడు. బావ కళ్లద్దాల షాపుకెళ్లి, కొనడానికొచ్చిన జనం మధ్య నిలబడి, "మా అక్క ఉసురు నీకు తగలకుండా పోదు" అని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన చేతిలో అద్దం పట్టుకుని నిలబడి విన్నాడు. ఇంటికొచ్చి అక్కతో, "ఆయనకి ఫోన్ చేశావంటే నీకు తమ్ముడు లేడనుకో" అన్నాడు. అక్క తలూపి ఊరుకుంది. బావ నంబరు తన ఫోన్లోంచి ఆ రోజే తీసిపారేశాడు, కాబట్టి ఇప్పుడు వెళ్లక తప్పదు.

ఆదివారమైనా షాపు మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది. అవతలి పేవ్‌మెంట్ మీద అటూ ఇటూ పచార్లు చేశాడు. వెనక్కి వెళ్లిపోదామనుకున్నాడు. రేపు పదింటికి నోరు మూగబోయిన లాప్‌టాప్ పట్టుకుని కమిటీ ముందు నిలబడే అక్క వాడి కళ్లముందు మెదిలింది. సిగ్గు చంపుకుని లోపలికెళ్లాడు.

బావ కళ్లద్దాల గాజు అరగదీస్తున్నాడు. మెషీన్ చప్పుడు ఆగింది.

"కూర్చో" అన్నాడు.

కూర్చోలేదు. ఏమని పిలవాలో తెలియక, కౌంటర్ మీద పరిచిన ఫ్రేముల్ని చూస్తూ మొత్తం అప్పజెప్పాడు. అక్క వద్దన్న సంగతి కూడా దాచలేదు. ఒక్క తిట్టు తిడితే బాగుండునని ఎదురుచూశాడు. కాలర్ పట్టుకుని బయటికి గెంటినా సంతోషంగా పోయేవాడే.

"రాసుకో" అన్నాడు బావ.

చీటీ, పెన్నూ ముందుకు జరిగాయి. బావ ఫోన్లో చూసి చదవడం మొదలుపెట్టాడు. ఆరేసి అంకెలు, ఎనిమిది వరసలు. వాడు చీటీ మీదికి వంగి రాసుకున్నాడు.

"రాసింది ఒకసారి చదువు" అన్నాడు బావ.

చదివాడు.

"అయిదో వరసలో ఏడు కాదు, ఒకటి. దిద్దుకో. తొందరేం లేదు."

ఆ 'తొందరేం లేదు' అన్న మాటకి వాడికి తలకొట్టేసినట్టయింది. ఇదే కౌంటర్ ముందు నిలబడి తనేం వాగాడో ఒక్కొక్క మాటా గుర్తొచ్చింది. క్షమించమని మాత్రం అనలేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు.

"నేనిచ్చానని చెప్పనక్కర్లేదు. నువ్వే బాగుచేశానను. రేపటి పనిలో ఉంది, తన మనసెందుకు పాడుచెయ్యడం" అన్నాడు వెనకనుంచి బావ.

ఇంటికొచ్చి అంకెలు కొట్టాడు. తెరుచుకుంది. రికార్డులన్నీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. కొత్త సిస్టమ్‌ని తీసే ధైర్యం లేక అలాగే వదిలేశాడు.

అక్క వచ్చి ఆన్ చేస్తే రెండు పేర్లూ కనిపించాయి. "ఏంట్రా ఇది? వద్దన్నానా లేదా?" అంటూనే గబగబా ఒక రికార్డు నొక్కింది. చిన్నపిల్ల ఒకతి తడుముకుంటూ, ఊపిరి బిగబట్టి, "నీ... ళ్లు" అంది. అక్క "అమ్మయ్య!" అని కుర్చీలో వాలిపోయింది. "పోనీలే, ఏమీ పాడుచెయ్యలేదు. బాగానే నేర్చుకున్నావురా ఇంజనీరూ."

అబద్ధం నాలిక చివరే ఉంది. బావ చేతికిచ్చి పంపిన అబద్ధం, ఊరికే తలూపితే చాలు. కానీ ఆ మెప్పు వాడికి ముల్లులా గుచ్చుకుంది.

"పాడుచేశానక్కా. తాళం పడిపోయింది. బావ దగ్గరికెళ్లి నంబరు రాయించుకొచ్చాను."

దులిపేస్తుందనుకున్నాడు. అక్క రికార్డు ఆపింది.

"ఎలా ఉన్నాడు?" అంది.

వాడు బల్ల మీది ఛార్జర్ తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

"చిక్కాడా? మొన్న ఆస్పత్రిలో కనబడ్డాడని ఎవరో అన్నారు. ఒంట్లో బాగుందా? నిన్నేరా అడుగుతున్నది."

కౌంటర్ గుర్తుంది, ఫ్రేములు గుర్తున్నాయి, చీటీ మీద దిద్దిన ఒకటీ గుర్తుంది. ఎంత తన్నుకున్నా అంతకుమించి కళ్లముందుకి రాలేదు.

"చూళ్లేదక్కా" అన్నాడు.

"చూళ్లేదా?"

"తలెత్తలేకపోయాను."

అక్క లాప్‌టాప్ మూసేసింది. "ఫోన్ చెయ్యొద్దన్నావు, చెయ్యలేదు. వెళ్లినవాడివి, నా కోసమైనా ఒక్కసారి చూసి రాకపోయావట్రా!"

వాడు ఇప్పుడు కూడా తలెత్తలేదు.